కొండ మధ్యలో దింపేసిన జీపు

టాటానగర్‌లో మా భాలుబాసా వీధి కుర్రాళ్ళకి ఈమధ్య కొండలెక్కే బండ్ల పిచ్చి పట్టింది. ఆదివారం వచ్చిందంటే చాలు, ఫోన్లు పట్టుకుని మా ఇంటి ముందు చేరతారు. "దాదా, ఈ బండి చూడండి, దీని పవరు చూడండి, కొనమంటారా?" అని హిందీలో అడుగుతారు. నేను తెలుగులో ఎదురు ప్రశ్న వేస్తాను. "అది చెడితే ఎక్కడ చెడుతుందిరా?" ముసలాయనకి చాదస్తం ముదిరిందని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నిజానికి ఆ ప్రశ్న నాది కాదు, నాకు పని నేర్పిన మావది. అది నా బుర్రకెక్కడానికి ఒక గేర్‌బాక్సు ముక్కలైంది, దాంతోపాటు నా పరువు కూడా. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది నాకు. సిగ్గుతో కాదు, సంతోషంతో! ఎందుకో చెబుతాను.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. భుయ్యాడీహ్‌లో, సువర్ణరేఖ నది ఒడ్డుకి దగ్గరగా మాదొక రేకుల షెడ్డు. జీపులు, పికప్పులు, చిన్న లారీలు బాగుచేసేవాళ్ళం. షెడ్డు పెద్ద మిస్త్రీ మా మావ. చుట్టరికం ఏమీ లేదు. శ్రీకాకుళం వైపు నుంచి ముందుగా వచ్చి స్థిరపడ్డవాడు, తర్వాత వచ్చిన మా నాన్నకి ఊరివాడు, అందుకని నాకు మావ. మిగతా అందరికీ ఉస్తాద్. నాకప్పటికి పాతికేళ్ళు దాటాయి. ఇంజన్ విప్పి బిగించడంలో చెయ్యి తిరిగింది. నోరు అంతకన్నా ఎక్కువ తిరిగింది.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఇంకెక్కడా లేదు, మావ పెట్టిందే. ఒక బండికి ఏ ఇంజన్ వెయ్యాలో, ఏ గేర్‌బాక్సు వెయ్యాలో ఎంచిన మిస్త్రీ, ఆ బండి తయారయ్యాక మొదటిసారి కొండెక్కేటప్పుడు అందులోనే కూర్చోవాలి. ఎడమవైపు సీట్లో. దగ్గర స్పానర్ ఉండకూడదు, జేబులో స్క్రూడ్రైవర్ కూడా ఉండకూడదు. బండి ఎవరిదో వాళ్ళే నడపాలి. మిస్త్రీ చేతులు కట్టుకుని, నోరు మూసుకుని కూర్చోవాలి. "నువ్వు పక్కనుండి ముట్టుకుంటంటే ఏ బండైనా నడుత్తాదిరా. నువ్వు లేనప్పుడు నడుత్తాదా, అదీ సూడాల" అనేవాడు మావ. ఆ పరీక్ష తప్పినవాడు మళ్ళీ పార్టులు కడిగే తొట్టి దగ్గరికే.

ఒక వేసవి మొదట్లో మా షెడ్డుకి ఒక నర్సమ్మ వచ్చింది. టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగావిడ, నలభై ఏళ్ళుంటాయి. నది అవతలి మాంగో పేట దాటి, కొండల అవతల, అడవిలో చిన్న కాన్పుల కేంద్రం నడుపుతోంది. మిలిటరీ వాళ్ళు వదిలేసిన పాత జీపొకటి ఎవరో దాత ఆ కేంద్రానికి ఇచ్చాడు. దాని ఒళ్ళు గట్టిది, ఛాసిస్ ఇంకా గట్టిది. లోపలి పెట్రోలు ఇంజన్ మాత్రం ఎప్పుడో ప్రాణం వదిలేసింది.

"బాబాయ్, నాకు పదేళ్ళు తిరిగీ బండి కావాల. అదీ వానలకి ముందర కావాల" అంది మావతో, నిలబడే. "పోయినేడు వానల్లో కాన్పు కష్టమైన పిల్లని ఎడ్లబండిలో ఏసుకుని ఊర్లోకి తెత్తన్నాం. బండి బురదలో దిగిపోనాది. ఆ పిల్ల నా సేతుల్లోనే పోయింది. మళ్ళీ అలగ జరిగితే నాను తట్టుకోనేను."

మావ కాసేపు జీపు చుట్టూ తిరిగాడు. తర్వాత ఉన్నట్టుండి నా వైపు చూశాడు.

"ఏటిరా, ఏ ఇంజినేద్దాం? ఈసారి నువ్వే ఎంచు."

నా గుండె ఎగిరి గంతేసింది! ఎంచడమంటే మాటలా? అంతవరకూ మావ ఎంచినవి బిగించడమే నా పని. ఇప్పుడు నేనే మిస్త్రీని. నర్సమ్మ నా వైపు ఆశగా చూస్తోంది.

నా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఆ పాత పెట్రోలు ఇంజన్నే బోరు చేయించి మళ్ళీ వెయ్యడం. అది వద్దనుకున్నాను, వాగు దాటేటప్పుడు నీళ్ళు తగిలితే స్పార్కు పోయి ఆగిపోతుంది. అక్కడిదాకా నా ఆలోచన బాగానే ఉంది. రెండోది, గుద్దుకుని నుజ్జయి షెడ్డు వెనక పడున్న ఒక చిన్న పికప్పు వ్యానుది, డీజిల్ ఇంజన్. దాని నాలుగు గేర్ల బాక్సు దానికే తగులుకుని ఉంది. చూడ్డానికి బక్కగా, మూతి ముడుచుకుని, ఏ మాత్రం ఆనదు. మూడోది ట్రాక్టర్ ఇంజన్. అబ్బా, ఏం ఇంజనండీ అది! స్టార్టు చేస్తే షెడ్డు రేకులు దడదడలాడేవి. నడిచే ఏనుగుని కూడా వెనక్కి లాగుతుందనిపించేది. నా మనసు దాని మీద పడింది, ఇంక దిగలేదు.

చిక్కేమిటంటే, ట్రాక్టర్ ఇంజన్‌కీ జీపు సొంత మూడు గేర్ల బాక్సుకీ పొంతన లేదు. బోల్టులు కలవవు, షాఫ్టు అందదు. వేరే ఊరివాడైతే అక్కడితో వదిలేసేవాడు. మేము వదులుతామా? అది మా ఊరి జబ్బు. ఉక్కు పుట్టే ఊళ్ళో ఉన్నాం, మాకు దొరకని ముక్కేమిటి అని పొగరు. మా వీధిలో ప్రతి రెండో ఇంట్లో ఒక టర్నరో, ఫిట్టరో, వెల్డరో ఉండేవాడు. ఏ పార్టు లేకపోతే ఆ పార్టు పుట్టించేవాళ్ళం. నా స్నేహితుడొక టర్నర్ మంచి ఉక్కు కడ్డీ తెచ్చి, లేతు మీద కొత్త షాఫ్టు తీసి, కాల్చి గట్టిపరిచాడు. ఇంజన్‌కీ బాక్సుకీ మధ్య మందపాటి ప్లేటు కోసి, డ్రిల్లు వేసి ఇచ్చాడు. నిజం చెప్పాలి, అద్దంలా ఉన్నాయి ఆ రెండూ.

"ఈ షాఫ్టు ఇరిగితే నా మీసం తీసేత్తాను" అన్నాడు వాడు.

మావ షాఫ్టుని చేతిలోకి తీసుకుని వేలితో తడిమాడు. "బాగుందిరా. దాని ఎనకాలున్న బాక్సుకి సెప్పావేటి, ఇంత బలం వత్తాదని?"

"బాక్సుకేటి మావా, మిలిటరీ బాక్సది!" అన్నాను. మావ ఇంకేం అనలేదు. అనకపోవడమే పెద్ద వార్నింగని నాకు అప్పుడు తెలీదు.

పరీక్ష రోజు పొద్దున్నే షెడ్డు మొత్తం ఒక లారీలో మా వెనక బయల్దేరింది. నర్సమ్మ స్టీరింగ్ దగ్గర, నేను ఎడమ సీట్లో చేతులు కట్టుకుని. మాంగో బజారులో జనం తిరిగి తిరిగి చూశారు, ఆ మోత అలాంటిది. కొండ మొదలయ్యాక చూడాలి! బండి ఎక్కడం కాదు, కొండని తోసుకుంటూ పోయింది. వెనక లారీలోంచి ఈలలు. నర్సమ్మ కూడా నవ్వింది. నేనైతే సీట్లో సగం లేచి కూర్చున్నాను.

మూడో మలుపులో ముందు చక్రం ఒక బండరాయికి ఆనింది. నర్సమ్మ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసింది, బండి వెనక్కి తీసి పక్కనుంచి పోదామని. అదే సరైన పని. నా నోరు ఊరుకుంటుందా?

"నొక్కండి! నొక్కండి, ఎక్కేత్తాది!" అని అరిచాను.

ఆవిడ నొక్కింది. ఇంజన్ గర్జించింది. ఒక్కసారి కిందనుంచి 'ఫటక్' మని చప్పుడు, తర్వాత గరగరమని పిండిమర మోత. ఇంజన్ తిరుగుతూనే ఉంది, చక్రాలు మాత్రం కదలవు. ఏ గేరు వేసినా అంతే. బండి మెల్లగా వెనక్కి జారడం మొదలెట్టింది. నర్సమ్మ బ్రేకు మీద నిలబడింది, మావ లారీలోంచి దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాడు. ఎవరికీ ఏమీ కాలేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

బండిని తాడు కట్టి షెడ్డుకి లాక్కొచ్చి, బాక్సు విప్పాం. గేర్ల పళ్ళు ముక్కలు ముక్కలుగా నూనెలో పడి ఉన్నాయి. మా షాఫ్టు చెక్కుచెదరలేదు! టర్నర్ మీసం దక్కింది. వచ్చిన బలమంతా మా షాఫ్టు ఒక్క వీసం వదలకుండా లోపలికి పంపించింది, లోపలి పళ్ళు తట్టుకోలేకపోయాయి. ఆ షాఫ్టే నా గొప్ప, ఆ షాఫ్టే నా తప్పు.

నర్సమ్మ ఒక్క మాట కూడా తిట్టలేదు. తొట్టిలో ఉన్న పళ్ళ ముక్కలు చూసింది. "వానలకి ఇంకెంతో లేదు తమ్ముడూ" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

ఆవిడ వెళ్ళాక మావ మొదలెట్టాడు. "ఇంజిను తప్పెంచినందుకు కాదురా నాకు కోపం. కుర్రాడివి, తప్పెంచుతావు. నోరెందుకెత్తావు? ఆవిడ బండి, ఆవిడ కాలు, ఆవిడకి తెలవదేటి? రేపు అడివిలో 'నొక్కండి' అని సెప్పడానికి నువ్వుంటావేటి?"

నేను లేచి పార్టులు కడిగే తొట్టి వైపు నడిచాను. పద్ధతి పద్ధతే కదా.

"ఎక్కడికెల్తన్నావు?" అన్నాడు మావ. "సెడగొట్టింది నువ్వే, మళ్ళీ ఎంచీది నువ్వే. రేపు పొద్దున్న నాతో రా."

మర్నాడు ఇద్దరం బస్సెక్కాం, వానలు పడితే ఆగిపోయే బస్సది. మాంగో దాటి, కొండని చుట్టుకుని పోయి, నర్సమ్మ కేంద్రానికి దగ్గరి సంతలో దిగాం. మావ ఇంజన్ల మాటే ఎత్తలేదు. సంతలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగాడు, నన్ను వెంటేసుకుని. సైకిళ్ళు బాగుచేసేవాడు ఒకడు, కొలిమి పెట్టుకున్న కమ్మరి ఒకడు, ధాన్యం మిల్లు నడిపేవాడు ఒకడు. బండ్ల మెకానిక్కు లేడు. పెట్రోలు అమ్మే దుకాణం లేదు. మిల్లుకి మాత్రం డీజిల్ ఇంజన్ ఉంది, పక్కన రెండు డ్రమ్ముల డీజిలుంది. మిల్లువాడు నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చి, తన ఇంజన్‌లో డీజిల్ చిమ్మే నాజిల్ తనే కడుక్కుంటానని, డీజిల్ పైపులో గాలి పడితే తనే తీసుకుంటానని గొప్పగా చెప్పుకున్నాడు.

మావ బీడీ వెలిగించుకున్నాడు. "ఇప్పుడు సెప్పరా. ఆ జీపు ఎక్కడ సెడతాది?"

"ఇక్కడే, మావా."

"ముట్టీవోడెవలు?"

"ఈ మిల్లోడు."

"మరి ఈడికి నీ లేతు పట్టిన షాఫ్టు తెలుసునేటి? అది పోతే ఇంకోటి ఈ సంతలో పుడతాదేటి?"

నాకు కళ్ళు తెరుచుకున్నాయండీ! సిగ్గు సంగతి తర్వాత, ముందు సంతోషం వచ్చింది, లెక్క తేలినప్పుడు వచ్చే సంతోషం. నేను షెడ్డులో నిలబడి ఎంచాను, మావ అడవిలో నిలబడి ఎంచమంటున్నాడు. ఏది ఎక్కువ లాగుతుందని నేను చూశాను. ఆగిపోతే ఎవరు లేపుతారని చూడాలి. డీజిలే కావాలి, కానీ మామూలు డీజిల్. ఆ ఇంజన్‌తో కలిసి బతికిన గేర్‌బాక్సే కావాలి, మధ్యలో మా చేతి ముక్క ఏదీ ఉండకూడదు.

"ఆ బక్క పికప్పుది, మావా! ఇంజిను, బాక్సు రెండూ దానివే, విడదీయకండా!" అని సంత మధ్యలో అరిచేశాను. కమ్మరి సుత్తి ఆపి చూశాడు. మావ పొగ వదిలి, "బస్సొత్తంది, పద" అన్నాడు.

ఆ తర్వాత మేము పని చేసిన తీరు ఏం చెప్పమంటారు! పాటలు పాడుకుంటూ చేశాం. ఆ పికప్పు కూడా జీపు చేసిన కంపెనీదే, కాబట్టి దాని గేర్‌బాక్సు వెనక, నాలుగు చక్రాలకీ బలం పంచే పెట్టె ఉన్నది ఉన్నట్టు కూర్చుంది. ఇంజన్ ఆనే చోట్లు మార్చాం, అంతే. మొదటి గేరు వేసి వదిలేస్తే బండి మనిషి నడిచేంత మెల్లగా పాకేది, కానీ ఆగేది కాదు. షెడ్డులో ఇద్దరు ముగ్గురు ఎగతాళి చేశారు, 'నత్తని కట్టావేంట్రా జీపుకి' అని. నేను నవ్వి ఊరుకున్నాను. నేను ఊరుకోవడం షెడ్డులో అదే మొదలు.

బండి సిద్ధమయ్యే రోజుకి తొలి వాన పడనే పడింది. ఈసారి లారీ లేదు, ఈలలు లేవు. నర్సమ్మ, నేను, అంతే. మావ నా జేబులు తడిమి చూశాడు. "నోరు" అని ఒక్క మాటన్నాడు.

కొండ మొదలైంది. ఎర్రమట్టి బురద, పక్కన గలగలమని వాన నీళ్ళు. మూడో మలుపు వచ్చింది. అదే బండరాయి! నర్సమ్మ మొదటి గేరు వేసింది. బండి రాయికి ముక్కు ఆనించి, ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, టకటకమంటూ ఎక్కి అటు దిగింది. నా పెదాలు నేనే కొరుక్కున్నాను. చప్పట్లు కొట్టకుండా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఇంకాస్త పైకి వెళ్ళాక ఇంజన్ దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఆగిపోయింది.

ఏమైందో నాకు తెలుసు. ట్యాంకులో డీజిల్ తక్కువుంది, నిట్టనిలువు ఎక్కుడులో అది వెనక్కి పోయింది, పైపు గాలి పీల్చేసింది. డీజిల్ పోసి, ఒక నట్టు వదులు చేసి, గాలి తీసేస్తే చాలు. కానీ నా దగ్గర స్పానర్ లేదు, నోరు లేదు. చెప్పేస్తే పోలేదా అనుకున్నాను. చెప్పేస్తే ఆవిడ అడవిలో ఒక్కతే ఉన్నప్పుడు ఎవరు చెబుతారు? నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

నర్సమ్మ దిగింది. వెనకనుంచి డబ్బా తీసి డీజిల్ పోసింది. తర్వాత తన మందుల సంచీ తెరిచి, దూదికీ కత్తెరకీ మధ్యనుంచి ఒక స్పానర్ తీసింది! బానెట్ ఎత్తి, నట్టు వదులు చేసి, చేత్తో పంపు కొట్టింది. బుడగలు బుడగలుగా నురగ వచ్చింది. ఓపిగ్గా కొడుతూనే ఉంది. బుడగలు పోయి శుభ్రమైన డీజిల్ వచ్చాక బిగించింది. కాన్పు చేసే చెయ్యి కదా, ఎక్కడా తొట్రుపాటు లేదు. స్టార్టు చేస్తే ఇంజన్ బుద్ధిగా పలికింది.

బండి కదిలాక గానీ నోరు విప్పలేదు నేను. "ఎక్కడ నేర్సుకున్నారమ్మా?"

"మిల్లోడి దగ్గిర. నువ్వీ ఇంజినెంచావని తెలిసాక నాలుగు రోజులు ఆడి పక్కన కూకున్నాను. ఆడి మిల్లుకీ నా జీపుకీ గాలి ఒకలాగే పడతాదంట కదా."

కొండ శిఖరం మీద ఎదురుగా నలుగురు మనుషులు వానలో మంచం మోసుకొస్తూ కనిపించారు. మంచం మీద ఒక అమ్మాయి, నిండు గర్భిణి. నర్సమ్మ పరుగెత్తింది. చూసి వెంటనే తిరిగి వచ్చింది.

"బిడ్డ అడ్డం తిరిగింది. నా కేంద్రంలో అవదు, ఊర్లో పెద్దాసుపత్రికే ఎల్లాల" అని జీపు తిప్పేసింది. వెనక ఆ అమ్మాయిని ఏటవాలుగా పడుకోబెట్టారు. పట్టుకోడానికి తల్లి ఎక్కింది. భర్త బండి పక్కన నిలబడిపోయాడు, చోటు లేదు. నర్సమ్మ నా వైపు తిరిగింది.

"తమ్ముడూ, దిగు."

"నాను ఎనకాల ఏలాడతానమ్మా."

"ఎనకాల బరువు వద్దు, దిగుడులో బండి ఊగుతాది. ఆడు ఎక్కాల. నువ్వు దిగు."

"మరి బండికి ఏదైనా అయితే?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "అయితే నాను లేనేటి?"

దిగాను. ఆ భర్త నా సీట్లో కూర్చున్నాడు. జీపు మొదటి గేరులో కొండ దిగడం మొదలెట్టింది. బ్రేకు మీద ఆధారపడకుండా, ఇంజనే పట్టుకుని దింపుతోంది, వెనక పడుకున్న మనిషికి కుదుపు తెలియకుండా. మలుపు తిరిగి కనుమరుగయ్యాక కూడా నేను కదల్లేదు. చప్పుడు వింటున్నాను. మొదటి గేరు. చాలాసేపు మొదటి గేరే. తర్వాత రెండో గేరు. తర్వాత, బాగా కిందనుంచి, మూడోది. ఎక్కడా తప్పలేదు, ఎక్కడా దగ్గలేదు. నాలుగో గేరు పడ్డప్పుడు నేను కొండ మీద వానలో ఒక్కడినే ఎగిరి చప్పట్లు కొట్టాను! మంచం మోసుకొచ్చినవాళ్ళు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు.

ఆ కొండంతా నడిచి దిగాను. మాంగో చేరేసరికి ఒంటి మీద పొడి బట్ట లేదు, కాలికి ఒక చెప్పే ఉంది. దారిలో ఆసుపత్రికి వెళ్ళి కనుక్కున్నాను. తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు. ఆడపిల్ల. జీపు ఆసుపత్రి గేటు దగ్గర ఉంది, ముట్టుకోలేదు, దూరంనుంచి చూసి వచ్చేశాను.

షెడ్డు గుమ్మంలో మావ నిలబడి ఉన్నాడు. నా వాలకం చూశాడు, వెనక జీపు లేకపోవడం చూశాడు.

"కొండ దిగీదాకా బండిలో ఉన్నావేటిరా?"

"నేదు మావా. మద్దిలో దింపేసింది."

"బండి ఆగిందా?"

"ఆగింది. ఆవిడే లేపుకుంది."

"నిన్నేటైనా అడిగిందా?"

"నేదు."

"మళ్ళీ ఎప్పుడొత్తానని సెప్పిందా?"

"అదీ నేదు."

మావ తన కుర్చీ నా వైపు జరిపాడు. షెడ్డులో అంతవరకూ ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోలేదు.

"కూకో, మిస్త్రీ" అన్నాడు.